యుద్ధం గురించి పెదవి విప్పని తాతయ్య జీవితం రాయడం ఎలా?

అమ్మా, మీ ప్రశ్న నిదానంగా చదివాను. తాతయ్యగారు పోయి నెల దాటింది. సంవత్సరీకం నాటికి ఆయన జీవితాన్ని చిన్న పుస్తకంగా అచ్చువేసి బంధువులకు పంచాలనుకుంటున్నారు. ఆయన 1963లో ఫిరంగి దళంలో చేరారు, 1965, 1971 యుద్ధాలు రెండింటిలోనూ ఉన్నారు, హవల్దారుగా రిటైరై మల్కాజిగిరిలో ఇల్లు కట్టుకున్నారు, ఆ తర్వాత ఒక బ్యాంకులో గార్డుగా చేశారు. అమ్మానాన్నలు ఉద్యోగాలకు వెళ్తే మిమ్మల్నీ మీ తమ్ముణ్ణీ పెంచింది ఆయనే. "తాతయ్యగా వంద పేజీలు రాయగలను, సైనికుడిగా ఒక్క పేజీ కూడా రాయలేను, ఆయన యుద్ధం గురించి ఏమీ చెప్పలేదు" అన్నారు. ట్రంకు పెట్టెలో కొన్ని పతకాలు, డిశ్చార్జి పుస్తకం, దారంతో కట్టిన ఉత్తరాలు ఉన్నాయనీ, వాటితో ఏం చేయాలో తోచడం లేదనీ రాశారు.

నేను సైన్యంలో క్లర్కుగా చేరి సుబేదారుగా బయటికి వచ్చినవాణ్ణి. సర్వీసులో ఎక్కువ కాలం సిపాయిల రికార్డు పత్రాల మధ్యనే గడిచింది. ఇప్పుడు అల్వాల్‌లో ఉంటూ మన వైపు మాజీ సైనికుల కుటుంబాలకు పెన్షన్ కాగితాల విషయంలో సాయం చేస్తుంటాను. పెద్దాయన కాలం చేశాక ఇంట్లోవాళ్ళు మొదటిసారి ఆ పెట్టె తెరుస్తున్నప్పుడు పక్కన కూర్చున్న సందర్భాలు చాలానే ఉన్నాయి. అందుకని గట్టిగానే చెబుతున్నాను: సైనికుడు ఒక భాగం, తాతయ్య ఇంకో భాగం అని పుస్తకాన్ని రెండుగా చీల్చకండి. మిమ్మల్ని పెంచిన మనిషిలోనే ఆ సైనికుడు ఉన్నాడు. మీ ప్రశ్నలోనే, మీకు తెలియకుండానే, ఆయన్ని రెండు మూడు చోట్ల పట్టి చూపించారు.

మీరు రాసిన డాబా సంగతి తీసుకుందాం. సాయంత్రం పూట మిమ్మల్ని డాబా మీదికి తీసుకెళ్ళి, ఒక కన్ను మూసుకుని, చేయి బారగా చాచి, వేళ్ళు నిలబెట్టి మౌలాలి గుట్ట వైపు చూసేవారని, "రెండు వేళ్ళు, ఇంకో సగం" లాంటి మాటలేవో అనుకునేవారని, మీరూ తమ్ముడూ దాన్ని ఆటగా ఆడేవారని రాశారు. వృత్తంలో 6400 భాగాలుంటాయని ఆయన నేర్పితే, బడిలో అదే చెప్పి మాస్టారితో చీవాట్లు తిన్నానని కూడా రాశారు. అమ్మా, ఆయన నేర్పింది తప్పు కాదు. ఫిరంగి దళంలో వృత్తాన్ని 360 డిగ్రీలుగా కాదు, 6400 మిల్లులుగా విభజిస్తారు. ఎందుకంటే ఒక మిల్లు కోణం కిలోమీటరు దూరంలో దాదాపు ఒక మీటరు వెడల్పుకు సమానం. లెక్క నోటితోనే తేలిపోతుంది. చేయి పూర్తిగా చాచి ఒక వేలు నిలబెడితే అది సుమారు 30 మిల్లులను కప్పుతుంది. ఎదురుగా ఉన్న గుట్ట వెడల్పు తెలిస్తే దూరం చెప్పవచ్చు, దూరం తెలిస్తే వెడల్పు చెప్పవచ్చు. 60 మీటర్ల కట్టడం సరిగ్గా రెండు వేళ్ళ వెనక దాక్కుందంటే అది కిలోమీటరు దూరంలో ఉన్నట్టు. దూరపు వస్తువులను కొలవడానికి పరికరం చేతిలో లేనప్పుడు గన్నరు, అంటే ఫిరంగి దళపు సిపాయి, చేసే పని అది. గుండు ఎంత పక్కన పడిందో, ఎంత సరిదిద్దాలో వెనకనున్న ఫిరంగులకు చెప్పాలంటే ఈ కొలత చేతికి అలవాటై ఉండాలి.

అంటే ఒక మనిషి తన బతుకులో అందరికంటే బాగా నేర్చుకున్న పనిని మనవరాలికి ఆటగా ఇచ్చాడు. "యుద్ధం గురించి ఏమీ చెప్పలేదు" అని మీరంటున్నారు. ఆయన తన పని గురించి మీకు చెప్పారు, మీ చేతి వేళ్ళకు చెప్పారు. పుస్తకం మొదటి అధ్యాయం ఇదే కావాలని నా అభిప్రాయం. పుట్టిన ఊరు, తల్లిదండ్రుల పేర్లతో మొదలుపెట్టే పద్ధతి ఉండనే ఉంది, అది రెండో అధ్యాయంలో వచ్చినా ఎవరూ ఏమీ అనుకోరు.

రెండోది మిఠాయి సంగతి. ఏటా సెప్టెంబర్ చివర ఒక రోజు ఎవరి పుట్టినరోజూ కాకపోయినా, ఏ పండగా లేకపోయినా జిలేబీ పొట్లం తెచ్చేవారని, అడిగితే "ఊరికే" అనేవారని రాశారు. అది సెప్టెంబర్ 28 అయి ఉంటుంది. మీ నానమ్మగారిని తేదీ గుర్తుందేమో అడగండి. ఆ రోజు గన్నర్స్ డే. 1827లో అదే తేదీన ఏర్పడిన బొంబాయి మౌంటెన్ బ్యాటరీ నుంచి భారత ఫిరంగి దళం తన పుట్టుకను లెక్కిస్తుంది. రెజిమెంటులో ఆ రోజు బడాఖానా ఉంటుంది, అధికారులూ జవాన్లూ కలిసి భోంచేస్తారు. రిటైరైన చాలా ఏళ్ళకు కూడా మల్కాజిగిరిలో ఒక్కరే దాన్ని జరుపుకున్నారు. ఆ వేడుకలో ఆయనతో పాటు కూర్చుని తిన్నది మీరిద్దరే.

అయితే ఒక హెచ్చరిక కూడా ఇప్పుడే చెప్పేస్తాను. ఇలా ఒకటి రెండు విషయాలు విడిపోయేసరికి, ఇక ప్రతి అలవాటుకూ యుద్ధంలోనే మూలం వెతకాలనిపిస్తుంది. తాతయ్య మామిడిపండు ముట్టుకునేవారు కాదని, దాని వెనక ఏదైనా సంఘటన ఉందేమోనని మీరు అడిగారు. ఉండవచ్చు, ఉండకపోవచ్చు. మామిడిపండు నచ్చని మనుషులు ఊళ్ళోనూ ఉంటారు. మీకు ఆధారం దొరకనంతవరకు "తాతయ్య మామిడిపండు తినేవారు కాదు" అని రాసి ఊరుకోండి. ఆ వాక్యం అంతే బాగుంటుంది. టీవీ శబ్దం బాగా పెంచేవారన్నది మాత్రం వేరు. ఫిరంగుల పక్కన ఏళ్ళ తరబడి పనిచేసినవారికి వినికిడి తగ్గడం సర్వసాధారణం. ఆ రోజుల్లో చెవుల రక్షణకు ఇప్పుడున్నంత ఏర్పాటు లేదు. అయినా అది వయసు వల్ల వచ్చిందో ఫిరంగి వల్ల వచ్చిందో మనం తేల్చలేం. రెండూ చెప్పి వదిలేయండి.

ఇక పత్రాల దగ్గరికి వద్దాం. ముందు డిశ్చార్జి పుస్తకం. చూడటానికి పాత పాస్‌బుక్కులా ఉంటుంది కానీ ఒక సిపాయి సర్వీసుకు అదే వెన్నెముక. సర్వీసు నంబరు, భర్తీ అయిన తేదీ, స్థలం, ట్రేడ్, పొందిన పతకాలు, డిశ్చార్జి తేదీ, కారణం, ప్రవర్తన ఎలా ఉందన్న మాట, ఒంటి మీది పుట్టుమచ్చలు అన్నీ అందులో ఉంటాయి. ప్రవర్తన దగ్గర "ఎగ్జంప్లరీ" అని ఉంటే అది అక్కడ రాయగలిగిన అత్యుత్తమమైన మాట. పుట్టిన తేదీని మాత్రం నమ్మి పుస్తకంలో వేయకండి. ఆ తరంలో పల్లెల నుంచి వచ్చిన కుర్రాళ్ళకు భర్తీ రోజున ఉజ్జాయింపుగా తేదీ వేయడం మామూలే. ఇంటిపేరు ఎగిరిపోవడం, తండ్రి పేరు అక్షరాలు మారిపోవడం కూడా మామూలే. మన పేర్లు ఎన్నడూ వినని గుమాస్తా ఒకరు చెవికి తోచినట్టు రాసుకున్నవి అవి. అలాంటి తేడా కనిపిస్తే బంధువుల్లో ఎవరైనా "ఈ కాగితం మన తాతది కాదేమో" అంటారు. కంగారు పడకండి.

ఆ పుస్తకంలో ట్రేడ్ అన్న గడి మీకు అన్నిటికంటే ముఖ్యం. ఫిరంగి దళంలో అందరూ ఫిరంగి పేల్చరు. ఫిరంగి దగ్గర ఉండేవారు, బళ్ళు నడిపేవారు, వైర్‌లెస్ చూసేవారు వేర్వేరు. వీరితోపాటు టెక్నికల్ అసిస్టెంట్లని ఉంటారు, పొట్టిగా టీఏ అంటారు. పటం మీద దూరాలు, కోణాలు లెక్కకట్టడం వీరి పని. మీ తాతయ్య వేళ్ళ కొలతలు, ఆ 6400 లెక్క చూస్తే నాకు టీఏ అయి ఉంటారనిపిస్తోంది. కానీ నా ఊహను పుస్తకంలోకి ఎక్కించవద్దు. ఆ గడిలో ఏముంటే అదే రాయండి.

భర్తీ అయిన స్థలం, శిక్షణ పొందిన చోటు కూడా చూడండి. గోల్కొండలోని ఆర్టిలరీ సెంటర్ మొదలైంది 1962లో. చైనా యుద్ధం తర్వాత సైన్యాన్ని పెద్ద ఎత్తున పెంచుతున్న ఆ రోజుల్లోనే ఈయన చేరారు. గోల్కొండలో గనుక శిక్షణ పొంది ఉంటే, హైదరాబాద్‌కు ఆయన రిటైరయ్యాక రాలేదు, పశ్చిమ గోదావరి పల్లె నుంచి బయలుదేరిన కుర్రాడిగా మొట్టమొదట వచ్చింది ఇక్కడికే అన్నమాట. ఫిరంగి దళపు ఇంకో కేంద్రమున్న నాసిక్ రోడ్‌లో శిక్షణ పొంది ఉంటే ఈ మాట వర్తించదు. పుస్తకం తెరిచి చూస్తే నిమిషంలో తేలుతుంది.

పతకాల విషయంలో మొట్టమొదటి మాట: వాటిని తోమకండి. చింతపండుతోనూ వద్దు, ఇత్తడి సామాను మెరిపించే ద్రావకంతోనూ వద్దు. పతకం అంచు మీద సన్నని అక్షరాలతో నంబరు, ర్యాంకు, పేరు, దళం చెక్కి ఉంటాయి. నక్షత్రాకారంలో ఉన్నవాటికి వెనక వైపు చూడండి. తోమితే అరిగిపోయేది ముందుగా ఆ అక్షరాలే. కిటికీ వెలుతురులో ఏటవాలుగా పట్టుకుని భూతద్దంతో చదవండి. రిబ్బను మాసిపోయి ఉంటే అలాగే ఉండనివ్వండి.

మీరు పంపిన జాబితాలో రక్షా మెడల్, సంగ్రామ్ మెడల్, పశ్చిమీ స్టార్, స్వాతంత్ర్య రజతోత్సవ పతకం, తొమ్మిదేళ్ళ సర్వీసుది, ఇరవై ఏళ్ళ సర్వీసుది ఉన్నాయి. ఇందులో రక్షా మెడల్ 1965 నాటిది. ఆ యుద్ధకాలంలో నిర్ణీత సర్వీసు ఉన్నవారికి అది ఇచ్చారు, యుద్ధక్షేత్రంలోకి వెళ్ళి పనిచేసినవారికి విడిగా సమర్ సేవా స్టార్ ఉంది. అది మీ జాబితాలో లేదు. పోగొట్టుకుని ఉండవచ్చు, లేదా ఆ యుద్ధ సమయానికి ఆయన యూనిట్ సరిహద్దులో లేకపోయి ఉండవచ్చు. అందుకని "1965లో శత్రువుతో పోరాడారు" అని రాయకుండా "1965 యుద్ధకాలంలో సైన్యంలో ఉన్నారు" అని రాయండి. డిశ్చార్జి పుస్తకంలో పతకాల వరుసలో సమర్ సేవా స్టార్ కనిపిస్తే అప్పుడు మారుద్దాం. సర్వీసు పతకాలను చిన్నచూపు చూడకండి. వేర్వేరు ఏళ్ళ పతకాల అంచులు వరుసగా చదివితే సాధారణంగా గన్నరు, లాన్స్ నాయక్, నాయక్, హవల్దారు అంటూ ఆయన ఎదిగిన క్రమం కనిపిస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. బంధువులందరూ ఆయన "బంగ్లాదేశ్ యుద్ధంలో ఢాకా దాకా వెళ్ళారు" అంటారని రాశారు. పశ్చిమీ స్టార్ ఆ మాటను ఒప్పుకోదమ్మా. 1971లో తూర్పున పోరాడినవారికి పూర్వీ స్టార్, పడమట పోరాడినవారికి పశ్చిమీ స్టార్ ఇచ్చారు. సంగ్రామ్ మెడల్ రెండు వైపులవారికీ ఉంది. మన ఊళ్ళల్లో ఆ యుద్ధాన్ని బంగ్లాదేశ్ యుద్ధం అనే పిలుస్తారు కాబట్టి, దాంట్లో ఉన్న ప్రతివాడూ ఢాకా వెళ్ళాడనుకుంటారు. మీ తాతయ్య ఉన్నది జమ్మూ కశ్మీర్ నుంచి పంజాబ్, రాజస్థాన్, కచ్ వరకు సాగే సరిహద్దులో ఎక్కడో ఒకచోట. ఉత్తరాల మీద 56 ఏపీఓ అని ఉందని మీరే రాశారు. ఏపీఓ అంటే సైనిక పోస్టాఫీసు. తూర్పు ప్రాంతపు సైనికుల ఉత్తరాలకు 99 ఏపీఓ ఉండేది. రెండు ఆధారాలూ ఒకే మాట చెబుతున్నాయి.

దీన్ని సరిదిద్దితే తాతయ్య స్థాయి తగ్గుతుందేమోనని పెద్దవాళ్ళు బాధపడతారు. తగ్గదు. డిసెంబర్ 3 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు పఠాన్‌కోట్, అమృత్‌సర్ వంటి వైమానిక స్థావరాల మీద దాడి చేయడంతో బహిరంగ యుద్ధం మొదలైంది పడమటనే. 16న ఢాకాలో పాకిస్తాన్ జనరల్ నియాజీ లొంగుబాటు పత్రం మీద సంతకం చేసే సమయానికి పశ్చిమాన, ముఖ్యంగా శకర్‌గఢ్ ప్రాంతంలో బసంతర్ నది దగ్గర, పోరు ఇంకా సాగుతూనే ఉంది. అక్కడ కాల్పులు ఆగింది 17వ తేదీ రాత్రి 8 గంటలకు. దేశమంతా విజయోత్సవం చేసుకుంటున్న రాత్రి కూడా పశ్చిమాన ఉన్న గన్నర్లు ఫిరంగుల దగ్గరే ఉన్నారు. ఇది మీ పుస్తకంలో ఒక పేరాగా వస్తే, ఆయన యూనిట్ ఎక్కడుందో తెలియకపోయినా, చదివేవారికి ఆ రోజులు అర్థమవుతాయి. అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలో పాత తెలుగు దినపత్రికలు అడిగి చూడండి. ఆ డిసెంబర్ పత్రికలు దొరికితే మీ నానమ్మగారు ఆ రోజుల్లో ఏ వార్తలు విన్నారో, ఏ శీర్షికలు చూశారో తెలుస్తుంది.

మీ నాన్నగారు 1972 జనవరిలో పుట్టారని మీరు మాటవరసకు రాశారు. మీరు రాసినవాటిలో నన్ను అన్నిటికంటే ఆపింది అదే. యుద్ధం పద్నాలుగు రోజులని పుస్తకాల్లో చదువుతాం. ఆ పద్నాలుగు రోజుల కోసం సైన్యం నెలల ముందే సరిహద్దుకు చేరింది, కాల్పులు ఆగాక వెంటనే వెనక్కి రాలేదు. సిమ్లా ఒప్పందం మీద సంతకాలు జరిగింది 1972 జూలై 2న. పశ్చిమాన ఇరువైపుల సైన్యాలు గెలుచుకున్న భూభాగాలు వదిలి వెనక్కి మళ్ళడం పూర్తయింది ఆ ఏడాది డిసెంబర్‌లో. ఈ మధ్యకాలమంతా బంకర్లలో, గుడారాల్లో, మందుపాతరలు ఏరే పనుల్లో వేలమంది గడిపారు. సెలవులు ఇచ్చారు, కానీ వంతులవారీగా.

ఆ ఉత్తరాలను తేదీలవారీగా సర్దండి. జనవరి తర్వాత వచ్చినవాటిలో కొడుకు ప్రస్తావన మొదట ఎప్పుడు వచ్చిందో, "సెలవు దొరికింది" అన్న మాట ఎప్పుడు వచ్చిందో చూడండి. ఆ రెండు తేదీల మధ్య ఎంత కాలముందో ఊహించి రాయకండి, ఉత్తరాల్లోనే ఉంటుంది. నేను చూసిన ఇళ్ళల్లో ఇలాంటి తండ్రులున్నారు. సెలవు మీద వచ్చేసరికి బిడ్డ నడుస్తూ ఉంటాడు, కొత్తవాణ్ణి చూసి తల్లి చీర కొంగు వెనక దాక్కుంటాడు. సెలవు ముగిసేసరికి కాస్త చేరువవుతాడు, ఈలోగా రైలు వేళవుతుంది. కొడుకు బాల్యంలో తను లేనని ఆ తండ్రికి తెలుసు. అదే మనిషి తర్వాత మనవలకు ఆదివారం రాత్రి బూట్లకు పాలిష్ చేసి, జత పక్కన జత ఒకే గీతలో నిలబెట్టి, పొద్దున్నే సైకిల్ మీద బడికి దింపి, గేటు మూసేదాకా నిలబడ్డాడంటే, ఆ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టడం రచయితగా మీ పని. "అందుకే ఇలా చేశారు" అనకండి. ఉత్తరం తేదీ ఇవ్వండి, తర్వాతి పేరాలో బూట్ల సంగతి రాయండి. చదివే మీ నాన్నగారికి తెలుస్తుంది.

మీ నాన్నగారికీ ఆయనకూ మధ్య మాటలు తక్కువని కూడా రాశారు, అది పుస్తకంలో పెట్టాలా వద్దా అన్నారు. మీ నాన్నగారు ఒప్పుకుంటే పెట్టండి. ముందు ఆ ఉత్తరాలు ఆయనకు చూపించండి. వాటిని ఆయన ఎప్పుడూ చదివి ఉండరని నా అనుమానం. చదివాక ఆయనే ఒక పేజీ రాస్తానంటే, ఆ పేజీలో ఒక్క అక్షరం కూడా మార్చవద్దు.

నానమ్మగారిని అడగడం మాత్రం వాయిదా వేయకండి. ఎనభై దాటిన మనిషి. ఈ ఆదివారమే కూర్చోండి. ఎక్కువమంది యుద్ధం గురించి అడగాలనుకుని "తాతయ్య ఏం చెప్పేవారు" అంటారు. ఆవిడ "ఏం చెప్తారమ్మా, ఏమీ లేదు" అంటారు, అక్కడితో ఆగిపోతుంది. అలా కాకుండా ఆవిడ సంగతి అడగండి. ఆ డిసెంబర్‌లో మీరెక్కడున్నారు, పుట్టింట్లోనా అత్తింట్లోనా? ఎనిమిదో నెల, తొమ్మిదో నెల కడుపుతో ఉన్నారు కదా, ఎవరు చూసుకున్నారు? మనియార్డరు ఎన్నో తేదీకి వచ్చేది, ఆ నెల ఆగిందా? రేడియో ఎవరింట్లో ఉండేది? ఢిల్లీ నుంచి వచ్చే తెలుగు వార్తలు వినడానికి ఎవరెవరు చేరేవారు? తంతి అంటే భయం ఉండేదా? ఆ రోజుల్లో సైనికుడి ఇంటికి తంతి వస్తే చదివేవాడు దొరికేలోపే ఏడుపులు మొదలయ్యేవి. ఈ ప్రశ్నలకు ఆవిడ దగ్గర జవాబులుంటాయి, ఎందుకంటే అవి ఆవిడ బతుకు. ఆ జవాబుల మధ్యలోంచి తాతయ్య చెప్పిన మాటలు కూడా ఒకటీ అరా బయటికి వస్తాయి. ఫోనులో రికార్డు చేసుకోండి, ముందే చెప్పి చేయండి. గోదావరి జిల్లా మాట ఎలా వస్తే అలాగే రాయండి, పుస్తకం భాషలోకి మార్చకండి.

ఒకవేళ ఆవిడ నోటి నుంచి కష్టమైన విషయం ఏదైనా బయటికి వస్తే ఏం చేయాలో కూడా చెప్పాలి. ఫిరంగి యుద్ధంలో ఒక ప్రత్యేకత ఉంది. ఆ కాలంలో విరివిగా వాడిన 25 పౌండర్ ఫిరంగి గుండు పన్నెండు కిలోమీటర్ల దాకా వెళ్ళేది. ఫిరంగి దగ్గరున్నవాడికి తాను పేల్చిన గుండు ఎక్కడ పడిందో కనిపించదు. ముందున్న అబ్జర్వేషన్ పోస్టులో, పొట్టిగా ఓపీ అంటారు, అధికారితో పాటు కూర్చున్న ఇద్దరు ముగ్గురికే కనిపిస్తుంది. అక్కడినుంచి చూసినవారు చాలామంది ఆ దృశ్యాలు ఇంట్లో చెప్పరు. మీ తాతయ్య అక్కడ ఉన్నారో లేదో నాకు తెలియదు. ఉండి, నానమ్మగారికి ఏదైనా చెప్పి ఉంటే, ఆవిడ దాన్ని ఇన్నేళ్ళు దాచారంటే, అచ్చువేయాలా వద్దా అన్న నిర్ణయం ఆవిడదే. ఆయన చెప్పని ధైర్యసాహసాలను మాత్రం ఎవరు బలవంతపెట్టినా కల్పించకండి. "శత్రువులను చీల్చి చెండాడారు" లాంటి వాక్యాలు పెద్ద బాబాయిగారు రాసిస్తారు, నాకు తెలుసు. ఆయన మర్యాద కోసం ముందుమాట రాయించండి, లోపలికి రానివ్వకండి. పశ్చిమీ స్టార్ ఉన్న మనిషికి ఎవరూ అదనంగా తగిలించాల్సిన అవసరం లేదు.

యూనిట్‌కు ఉత్తరం రాయండి. డిశ్చార్జి పుస్తకంలో రెజిమెంటు నంబరు ఉంటుంది. ఆ రెజిమెంటు ఇప్పటికీ ఉండే అవకాశమే ఎక్కువ. ప్రతి రెజిమెంటుకూ తన చరిత్ర, తన రైజింగ్ డే (ఏర్పడిన రోజు) ఉంటాయి, 1971లో ఎక్కడ మోహరించారో వాళ్ళ పుస్తకాల్లో ఉంటుంది. కమాండింగ్ ఆఫీసర్ పేరిట మర్యాదగా ఒక పేజీ చాలు: తాతయ్య నంబరు, ర్యాంకు, పేరు, సర్వీసు కాలం, ఆయన మరణించిన తేదీ, మీరు చేస్తున్న పని. పాత సైనికుడి మనవరాలు రాసిందంటే యూనిట్లు సాధారణంగా జవాబిస్తాయి. వ్యక్తిగత రికార్డులకైతే నాసిక్ రోడ్ క్యాంపులోని ఆర్టిలరీ రికార్డ్స్‌కు రాయాలి. పెన్షన్‌తో రిటైరయ్యారు కాబట్టి వివరాలు దొరికే అవకాశం బాగానే ఉంది.

ఇంకో మాట, ఇది పుస్తకానికి సంబంధించింది కాదు కానీ నా వృత్తి నన్ను ఊరుకోనివ్వదు. డిశ్చార్జి పుస్తకం, పెన్షన్ పేమెంట్ ఆర్డర్ అసలు ప్రతులు ప్రెస్సువాళ్ళకు ఇవ్వకండి, లామినేషన్ చేయించకండి. మీరే ఫోటోలు తీసి అవే ఇవ్వండి. నానమ్మగారి కుటుంబ పెన్షన్ స్పర్శ్‌లో, అంటే రక్షణ శాఖ ఆన్‌లైన్ పెన్షన్ వ్యవస్థలో, మొదలైందా? ఆర్డరులో ఆవిడ పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉందా? ఒక్క అక్షరం తేడా ఉన్నా నెలల తరబడి ఆగిన ఇళ్ళు చూశాను. తేడా ఉంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్ళండి, అఫిడవిట్ నమూనా అక్కడే చెబుతారు. వైద్యానికి ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు ఆవిడ పేరిట చెల్లుబాటులో ఉందో లేదో కూడా చూసుకోండి.

పుస్తకం అరవై డెబ్బై పేజీలు దాటనివ్వకండి, బంధువులు చదవాలి కదా. ఫోటోల కింద తేదీ, చోటు, మనుషుల పేర్లు తప్పనిసరి. సైన్యం ఫోటోల వెనక పెన్సిల్‌తో రాసిన పేర్లుంటే అవి తోటి సిపాయిలవి, ఒక్కటీ వదలకండి. ఏదో ఒక ఊళ్ళో వాళ్ళ మనవలు కూడా ఇలాగే పెట్టె తెరిచి వెతుకుతూ ఉండవచ్చు. ఆవిష్కరణ సభ ఎక్కడ పెట్టాలని అడిగారు. నాకైతే ఇంటి డాబా మీదే పెట్టుకోవడం నచ్చుతుంది. నానమ్మగారు మెట్లు ఎక్కలేకపోతే కింద హాల్లో. ఆ ఉదయం సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లోని వీరుల సైనిక స్మారకం దగ్గరికి కుటుంబమంతా వెళ్ళాలనుకుంటే, లోపలికి వెళ్ళడానికి ముందుగా అనుమతి సంగతి కనుక్కోండి. ఆ స్మారకం ప్రాణాలర్పించినవారిది. ప్రాణాలతో తిరిగొచ్చిన మీ తాతయ్య బతికుంటే అక్కడికి ఎవరిని తలచుకుని వెళ్ళేవారో, ఫోటోల వెనకనున్న ఆ పేర్లలో ఒకటి కావచ్చు.

ముందు డిశ్చార్జి పుస్తకంలో ట్రేడ్ గడి, శిక్షణ స్థలం, పతకాల వరుస చూసి ఇక్కడ రాయండి. సర్వీసు నంబరు మాత్రం బహిరంగంగా పెట్టవద్దు. పొట్టి అక్షరాలు ఎక్కడ అర్థం కాకపోయినా ఉన్నవి ఉన్నట్టు టైపు చేయండి, విడమరిచి చెబుతాను.